ఫైలునకు యజమాని యెవరు?

పరీక్షలలో విద్యార్థి తన సమాధాన పత్రముపై పేరు వ్రాయడు. హాల్‌టిక్కెట్టు సంఖ్యను మాత్రమే వ్రాయును. ఏ సంఖ్య ఏ విద్యార్థిదో తెలుపు పట్టిక కార్యాలయమున వేరుగా నుండును. పత్రములును, పట్టికయు ఒకదానితో నొకటి సరిపోవునంత కాలము చిక్కు లేదు. కాని పరీక్ష జరిగిన పిమ్మట ఎవరైనను ఆ పట్టికను క్రొత్తగా తయారుచేసి, సంఖ్యలను వేరొక వరుసలో పంచినచో ఏమగును? ఒకరి మార్కులు మరియొకరికి పోవును. కొన్ని పత్రములకు యజమానియే లేకుండ పోవును. పత్రములలో ఒక్క అక్షరమైనను మారలేదు. మారినది పట్టిక మాత్రమే.

సరిగా ఇట్టి చిక్కే కంప్యూటరులలోను కలుగుచుండును. కంప్యూటరును నడిపించు మూల కార్యక్రమమునకు ఆపరేటింగ్ సిస్టమని పేరు. దానిని పాత కూర్పునుండి క్రొత్త కూర్పునకు మార్చిన మరునాడు, ఒక ఉపాధ్యాయుడు తాను సంవత్సరము పొడుగున వ్రాసికొన్న పాఠములను తెరువబోగా ‘అనుమతి లేదు’ అను సమాధానము వచ్చుట కలదు. ఫైళ్లు డిస్కుమీద భద్రముగనే యున్నవి. వాటిని వ్రాసినవాడే యంత్రము ముందు కూర్చుండి యున్నాడు. అయినను యంత్రము అతనిని యజమానిగా గుర్తింపదు. ఇట్లేల జరుగునో తెలియవలెనన్నచో, ఒకే యంత్రమును పలువురు పంచుకొనుట మొదలిడిన దినములనుండి కథను చెప్పుకొనవలెను.

మొదటి కంప్యూటరులు ఒకసారి ఒకరి పనిని మాత్రమే చేసెడివి. అప్పుడు ‘ఇది ఎవరి ఫైలు?’ అను ప్రశ్నకు తావు లేదు. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బాటో, ఆయన సహచరులు 1961 నవంబరులో ‘సి.టి.ఎస్.ఎస్.’ అను కాలవిభజన పద్ధతిని ప్రదర్శించిరి. యంత్రము తన కాలమును చిన్న చిన్న ముక్కలుగా కోసి, టైపు యంత్రముల యెదుట కూర్చున్న పలువురికి వంతులవారీగా పంచి యిచ్చును. ప్రతివాడును యంత్రమంతయు తనదే యనుకొనును. ఈ పద్ధతితో ఒకరి ఫైళ్లు మరొకరి ఫైళ్ల ప్రక్కనే ఒకే డిస్కుపై నిలువ యుండవలసి వచ్చినది. అందుచే ప్రతి వాడుకరికి ఒక రహస్యపదము, అనగా పాస్‌వర్డు, అవసరమైనది.

ఆ వ్యవస్థలో జరిగిన యొక తమాషాను కార్బాటో తన ట్యూరింగు బహుమాన ఉపన్యాసములో చెప్పియున్నాడు. ప్రతి వాడుకరికి యంత్రములో ప్రవేశింపగానే ఆనాటి ప్రకటన యొకటి అచ్చు పడెడిది. ఒకనాడు వ్యవస్థను చూచుకొనువారిలో ఒకరు ఆ ప్రకటనను దిద్దుచుండగా, అదే సమయమున మరియొకరు రహస్యపదముల ఫైలును దిద్దుచుండిరి. దిద్దుబాటు కార్యక్రమమేమో ఒక డైరెక్టరీలో ఒక్కరే పనిచేయుదురను నమ్మకముతో వ్రాయబడినది. ఇద్దరి చిత్తుప్రతికిని అది ఒకే పేరు పెట్టినది. రెండును తారుమారైనవి. అటుపిమ్మట ప్రవేశించిన ప్రతివానికిని ఆనాటి ప్రకటనకు బదులుగా అందరి రహస్యపదములును వరుసగా అచ్చుపడి దర్శనమిచ్చినవి! 1960వ దశకము మధ్యలో జరిగిన ఈ ఘటనలో దొంగ యెవడును లేడు. ఫైళ్ల రక్షణ యన్నది దొంగల కొరకే కాదు, మంచివారి పొరపాట్ల కొరకు కూడనని దీనివలన తేటపడినది.

అదే సంస్థ, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, బెల్ ప్రయోగశాలలు కలిసి తరువాత ‘మల్టిక్స్’ అను పెద్ద వ్యవస్థను తలపెట్టినవి. దాని రూపకల్పనను గూర్చిన వ్యాసములు 1965లో వెలువడినవి. ఇందు ప్రతి ఫైలునకును ఒక జాబితా కట్టబడి యుండును: ఎవరు చదువవచ్చును, ఎవరు వ్రాయవచ్చును అనునది పేరుపేరునా అందు చేర్చవచ్చును. ఇంతకంటె నిర్దుష్టమైన ఏర్పాటు ఉండబోదు. కాని జాబితాలు పెరిగినకొలది వాటికి చోటు కావలెను. ఫైలును తెరచినప్పుడెల్ల వాటిని చూచుటకు కాలమును కావలెను. పని ఆలస్యమై, వ్యయము పెరుగుచుండుటచే 1969లో బెల్ ప్రయోగశాలలు ఆ ప్రయత్నమునుండి తప్పుకొన్నవి.

అట్లు తప్పుకొన్నవారిలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ అను ఇద్దరు, న్యూ జెర్సీ రాష్ట్రములోని మరే హిల్ వద్ద, ఎవరును అంతగా వాడని పి.డి.పి.-7 అను చిన్న యంత్రముపై, ఆ 1969లోనే తమ సొంత వ్యవస్థను వ్రాయ నారంభించిరి. అదియే యూనిక్స్. నేడు ఆండ్రాయిడ్ ఫోనులలోని లినక్సును, ఆపిల్ వారి మాక్ వ్యవస్థయు ఈ వంశములోనివే, లేదా దాని యడుగుజాడలలో నడచినవే. చిన్న యంత్రము కనుక చోటు విషయమున వారు మిక్కిలి పిసినారితనము చూపవలసి వచ్చినది. ఆ పిసినారితనమే నేటి చిక్కునకు మూలము. అయినను వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. ఆనాటి యంత్రములలో ఒక్కొక్క బిట్టునకు ఖరీదు కట్టవలసి యుండెను.

1971 నవంబరు 3వ తేదీ గల యూనిక్సు మొదటి కైపుస్తకము ప్రకారము, ప్రతి ఫైలును గూర్చిన వివరములలో యజమానికి కేటాయించిన చోటు ఒక్క బైటు, అనగా ఎనిమిది బిట్లు. ఎనిమిది బిట్లలో పేరు పట్టదు. 0 నుండి 255 వరకు ఏదేని సంఖ్య మాత్రమే పట్టును. కావున యజమాని పేరు ఫైలుతో ఉండదు. అతని సంఖ్య యుండును. ఏ సంఖ్యకు ఏ పేరో తెలుపు పట్టిక వేరొక ఫైలులో ఉండును. ఫైళ్లను జాబితాగా చూపు ‘ఎల్‌ఎస్’ అను ఆజ్ఞ, ఆ పట్టికను చూచి, సంఖ్యకు బదులుగా పేరును మనుష్యుల సౌకర్యము కొరకు అచ్చు వేయును. హాల్‌టిక్కెట్టు పద్ధతి ఇదియే.

అనుమతుల సంగతియు అట్లే. మల్టిక్సులోని పొడవైన జాబితాలకు బదులు ఐదారు బిట్లతో సరిపెట్టిరి. 1974 జూలైలో రిచీ, థామ్సన్ ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసములో ప్రతి ఫైలునకు ఏడు రక్షణ బిట్లని చెప్పబడినది: చదువుట, వ్రాయుట, నడపుట అను మూడు పనులకు యజమానికి మూడు, తక్కినవారందరికి మూడు, మొత్తము ఆరు. ఏడవ దాని కథ వేరు. ఆ వ్యాసములో గ్రూపు అను మాట కనబడదు. లోకమంతయు రెండే భాగములు: నేను, ఇతరులు. కాని ఒకే పనిలో పాల్గొను నలుగురైదుగురు ఒక ఫైలును పంచుకొనవలెనన్న ఎట్లు? ఇతరులకు తెరచినచో ఊరందరికిని తెరచినట్లే. మూసినచో తోడివానికిని మూసినట్లే. 1978లో అదే వ్యాసమును సవరించి ప్రకటించినప్పుడు బిట్లు పదియైనవి. యజమానికి మూడు, అతని గ్రూపులోనివారికి మూడు, మిగిలిన ప్రపంచమునకు మూడు. పదవది పూర్వము ఏడవదిగా నుండినదే. గ్రూపునకు కూడ పేరు ఫైలులో లేదు, సంఖ్యయే.

ఈ తొమ్మిది బిట్లను వ్రాయు పద్ధతి గణితోపాధ్యాయులకు ఉపయోగపడును. అష్టాంశమానమునకు ఇంత చక్కని ఉదాహరణ వేరొకటి దొరకుట కష్టము. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడపుటకు 1 అని విలువలు. మూడును ఉన్నచో 7, చదువుట వ్రాయుట మాత్రమే ఉన్నచో 6, చదువుట మాత్రమైనచో 4, ఏదియు లేనిచో సున్న. కావున 640 అన్నచో యజమాని చదివి వ్రాయవచ్చును, గ్రూపువారు చదువవచ్చును, ఇతరులకు ప్రవేశము లేదు. ద్విసంఖ్యామానములో ఇది 110 100 000. మూడేసి బిట్లకు ఒక అష్టాంశపు అంకె.

ఇందులో తరచుగా పొరపాటుపడు సూక్ష్మ మొకటి కలదు. యంత్రము అనుమతులను కూడి చూడదు, వరుసగా చూచును. అడుగుచున్నవాడు యజమానియా? అయినచో మొదటి అంకెతోనే తీర్పు, అంతటితో సరి. కానిచో గ్రూపులోనివాడా? అయినచో రెండవ అంకె. అదియు కానిచో మూడవది. 044 అని యున్న ఫైలును ఊరందరును చదువవచ్చును, ఒక్క యజమాని తప్ప! డైరెక్టరీల విషయమున మరొక వింత కలదు. ఫైలును తొలగించుటకు ఆ ఫైలుపై అధికారము అక్కరలేదు. అది యున్న డైరెక్టరీలో వ్రాయు అధికారము చాలును. ఏలనగా ఫైలు పేరు ఉండునది డైరెక్టరీలో, తొలగించుట యనగా అందులోని ఒక పంక్తిని కొట్టివేయుట.

ఇక మిగిలిన ఆ ఒక్క బిట్టు రిచీ కల్పన. సామాన్యముగా ఒక కార్యక్రమమును నడిపించినప్పుడు అది నడిపినవాని అధికారముతో పనిచేయును. ఈ బిట్టు ఉన్నచో ఆ కార్యక్రమమునకు యజమాని యెవరో వారి అధికారముతో పనిచేయును. సామాన్యుడు తన రహస్యపదమును మార్చుకొనవలెనన్న, తనకు వ్రాయ వీలులేని పట్టికలో ఒక పంక్తిని మార్చవలెను గదా! ఆ పనిని ఈ బిట్టు గల నమ్మకమైన కార్యక్రమము అతని తరపున చేసిపెట్టును. దీని కొరకు 1973లో పేటెంటునకు దరఖాస్తు చేయగా 1979 జనవరిలో అమెరికాలో 4,135,240 సంఖ్యతో మంజూరైనది. పిదప దానిని ప్రజల వాడుకకు ధారపోసిరి.

మొదట ఒక వాడుకరి ఒక సమయమున ఒక గ్రూపులో మాత్రమే ఉండగలిగెడివాడు. వేరొక పనికి పోవలెనన్న గ్రూపు మార్చుకొనవలెను. 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము, బర్క్‌లీ, వెలువరించిన 4.2 బి.ఎస్.డి. కూర్పులో ఒకడు ఏకకాలమున పెక్కు గ్రూపులలో ఉండు వీలు కలిగినది. యజమాని సంఖ్యకు గల చోటును పెరిగినది. ఎనిమిది బిట్లు పదునారైనవి. 2001లో వచ్చిన లినక్సు 2.4 కూర్పుతో ముప్పదిరెండైనవి. అనగా 256 మందికి సరిపోయిన చోటు 429 కోట్లకు పైగా విస్తరించినది. కాని పేరు మాత్రము నేటికిని ఫైలులోనికి రాలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. సంఖ్యలను పంచువారెవరు? ఆపరేటింగ్ సిస్టమును తయారుచేయువారి నియమములు. సున్న సంఖ్య సర్వాధికారిది. ఇది యూనిక్సు వంశమంతటను ఒక్కటే. తరువాతి చిన్న సంఖ్యలు యంత్రపు అంతరంగిక సేవలకు. ఆ పిమ్మటివి మనుష్యులకు. ఈ సరిహద్దు ఎక్కడ? అందరును ఒకేచోట గీయలేదు. రెడ్ హ్యాట్, ఫెడోరా అను లినక్సు కూర్పులలో మనుష్యుల సంఖ్యలు 500తో మొదలయ్యెడివి, డెబియనులో 1000తో. ఇతరులతో ఏకీభవించుటకును, సేవల కొరకు ఎక్కువ చోటు దొరకుటకును 2011 నవంబరులో వచ్చిన ఫెడోరా 16వ కూర్పు ఈ సరిహద్దును 1000కి జరిపినది. 2014 జూన్‌లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ 7వ కూర్పును అదే దారి పట్టినది.

మంచి నిర్ణయమే. కాని వివేకముగల వాడుకరి యొకడు తన సొంత ఫైళ్లను వేరొక విభాగమున భద్రపరచి, మూలవ్యవస్థను మాత్రము తుడిచి క్రొత్త కూర్పును పెట్టుకొన్నాడనుకొందము. పూర్వపు పేరుతోనే క్రొత్త ఖాతా తెరచెను. యంత్రము అతనికి 1000 అను సంఖ్య నిచ్చెను. ఫైళ్లపైన 500 అనియే యున్నది. 500 ఎవరో క్రొత్త పట్టికకు తెలియదు. కావున జాబితాలో యజమాని పేరుండవలసిన చోట 500 అను అంకెయే నగ్నముగా కనబడును. పేరు అక్షరాల ఒక్కటే. అయినను యంత్రమునకు ఇతడు వేరొకడు.

ఇట్లు తలుపు మూసికొనిపోవుట ఒక ఇబ్బంది మాత్రమే. తెరచుకొనుట ప్రమాదము. క్రొత్త వాడుకరిని చేర్చు ఆజ్ఞ సామాన్యముగా అప్పటికి వాడుకలోనున్న పెద్ద సంఖ్యకు ఒకటి కలిపి యిచ్చును. చివర చేరినవాడు బడి విడిచిపోగా అతని ఖాతాను తీసివేసి, ఫైళ్లను అట్లే యుంచి, మరునాడు వేరొకని చేర్చినచో, పాత సంఖ్యయే క్రొత్తవానికి దక్కును. సంఖ్యతోపాటు వెళ్లినవాని ఫైళ్లన్నియు దక్కును. ఎవరును తాళము పగులగొట్టలేదు. యంత్రము దృష్టిలో యజమాని మారనేలేదు. మనుష్యుల సంఖ్యలకంటె సేవల సంఖ్యలలో ఈ భయము హెచ్చు. డెబియనులో 0 నుండి 99 వరకు మాత్రమే అన్ని యంత్రములకును ఒకే విధముగా నిర్ణయింపబడినవి. 100 నుండి 999 వరకు గలవి, సేవలు ఏ వరుసలో స్థాపింపబడునో ఆ వరుసలో దొరకునవి. మూలవ్యవస్థను తిరిగి పెట్టినప్పుడు వరుస మారినచో, ఒక సేవ వ్రాసిన ఫైళ్లు వేరొక సేవ చేతిలో పడును.

గ్రూపుల మార్పు ఇంకను గుట్టుగా జరుగును. 1990వ దశకమున రెడ్ హ్యాట్ వారు ప్రతి వాడుకరికి అతని పేరుతోనే, అతడొక్కడే సభ్యుడుగా గల సొంత గ్రూపు నేర్పరచు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చిరి. ఒక్కనికి గ్రూపేమిటని నవ్వరాదు. గ్రూపునకు వ్రాయు అధికారమిచ్చినను ఆ గ్రూపులో తానొక్కడే కనుక భయము లేదు. ఉమ్మడి డైరెక్టరీలలో మాత్రము అదే అధికారము తోటివారికి పనికివచ్చును. ఆపిల్ వారు 2003లో మాక్ 10.3తో ఈ పద్ధతిని చేపట్టిరి. 2007 అక్టోబరులో వచ్చిన 10.5వ కూర్పుతో దానిని విడిచి, వాడుకరులందరికిని ‘స్టాఫ్’ అను 20వ సంఖ్య గల గ్రూపునే ముఖ్య గ్రూపుగా చేసిరి. పాత ఫైళ్లపై పాత గ్రూపు సంఖ్య నిలిచిపోయినది. వాటి గ్రూపును ఆలోచింపక ‘స్టాఫ్’ అని మార్చినచో, 660 అను అనుమతి గల ఫైలునకు ఏమగునో చూడుడు. అంకెలు అవియే. నిన్న ఆ రెండవ 6 యజమానికే చెందినది. నేడు ఆ యంత్రము వాడు ప్రతివానికిని చెందినది.

ఇట్టి చిక్కులలో చిక్కుకొన్నవారు తరచుగా చేయు వైద్యము రోగముకంటె చెడ్డది. అనుమతులను మార్చు ‘సిహెచ్-మాడ్’ అను ఆజ్ఞతో ఉన్న ఫైళ్లన్నిటికిని 777 అని పెట్టివేయుదురు. తలుపు బిగిసిపోయినదని ఇంటి గోడలు పడగొట్టినట్లు, ఫైలు తెరచుకొనును నిజమే; చదువుటయేకాక వ్రాయుటయు, నడపుటయు కూడ అందరికి దఖలు పడును. పైగా కొన్ని కార్యక్రమములు దీనితో పనిచేయుట మానివేయును. దూరపు యంత్రమునకు రహస్యముగా దారితీయు ‘ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్’, తన రహస్యపు తాళపుచెవి ఫైలును ఇతరులు చదువ వీలున్నచో ఆ చెవిని ముట్టనే ముట్టదు. యజమానులను మార్చు ‘సిహెచ్-ఓన్’ ఆజ్ఞను మూలవ్యవస్థ డైరెక్టరీలపై విచ్చలవిడిగా నడుపుటయు అట్టిదే. లినక్సులో యజమాని మారగానే రిచీ గారి ఆ ప్రత్యేకపు బిట్టు చెరిగిపోవును. ‘సుడో’ అను సర్వాధికార కార్యక్రమము ఆ బిట్టుపైననే ఆధారపడి యున్నది. అది పోయిన పిదప, చేసిన తప్పును దిద్దుకొను అధికారమే చేజారిపోవును.

మాక్ వాడుకరులలో వేరొక నమ్మకము ప్రబలియుండెను. డిస్కు యుటిలిటీలో ‘అనుమతులను బాగుచేయుము’ అను మీట యొకటి పెక్కేండ్లు ఉండినది. ఏ చిక్కు వచ్చినను ముందు దానిని నొక్కుట పలువురికి ఆచారమైనది. అది చేయునదెల్ల, స్థాపించిన వస్తువుల రసీదులలో వ్రాసియున్న అనుమతులతో వ్యవస్థ ఫైళ్లను పోల్చి సరిచేయుట. వాడుకరి సొంత ఫైళ్ల జోలికి అది పోయెడిది కాదు. 2015లో 10.11వ కూర్పుతో వ్యవస్థ ఫైళ్లకు వేరు రక్షణ యేర్పడగా ఆ మీటను తొలగించిరి.

సరియైన పద్ధతి పట్టికను పత్రములతో పోల్చుటయే. ‘ఎల్‌ఎస్’ ఆజ్ఞకు ‘ఎన్’ అను అక్షరమును తగిలించినచో పేర్లకు బదులు సంఖ్యలే కనబడును. ‘ఐడి’ అను ఆజ్ఞ, అడిగినవాని ప్రస్తుత సంఖ్యను, అతని గ్రూపుల సంఖ్యలను చెప్పును. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన వెంటనే తేడా తెలియును. పిమ్మట రెండు దారులు కలవు. క్రొత్త ఖాతాకు పాత సంఖ్యను ఇప్పించుట యొకటి. ఫైళ్లపై క్రొత్త సంఖ్యను వ్రాయుట రెండవది. ఫైళ్లు పెక్కు యంత్రములలో పంచుకొనబడుచున్నచో మొదటిదియే మేలు. రెండవ దారి పట్టినవారు ‘ఫైండ్’ అను ఆజ్ఞతో, సరిగా 500 సంఖ్య గలవానిని మాత్రమే వెదకి, వానికి మాత్రమే యజమానిని మార్చవలెను. పట్టికలో పేరులేని అనాథ ఫైళ్లను ఏరి చూపు వీలును అదే ఆజ్ఞలో కలదు. మూలవ్యవస్థను మార్చిన ప్రతిసారియు దానిని ఒక్కమారు నడిపి చూచుట మంచిది.

గ్రూపులో ఒకరిని తిరిగి చేర్చునప్పుడు జాగ్రత్త అవసరము. లినక్సులో ఆ పనికి వాడు ‘యూజర్‌మాడ్’ ఆజ్ఞకు గ్రూపు పేరు మాత్రమే యిచ్చినచో, అది అతని పాత అదనపు గ్రూపులన్నిటిని తుడిచి దీనినొక్కదానినే నిలుపును. ‘ఏ’ అను చిన్న అక్షరమును కూడ చేర్చిననే ఉన్నవానికి దీనిని కలుపును. ఆ ఒక్క అక్షరమును మరచి, సర్వాధికార గ్రూపునుండి తమను తాము తొలగించుకొన్నవారు కొల్లలు. ఇంతయు సరిగా చేసినను ఫైలు తెరచుకొనలేదని కంగారు పడనక్కరలేదు. యంత్రము ఒకని గ్రూపులను అతడు లోపల ప్రవేశించునప్పుడు మాత్రమే చూచి గుర్తుపెట్టుకొనును. అతడు ఒకసారి బయటికి వచ్చి, మరల ప్రవేశింపవలెను.